ఎడమ పక్క కూర

మనిషి తలకాయలో ఏం చెడిందో చెప్పడానికి పదకొండేళ్ళు చదవాలట. మా చిన్నకొడుకు బిడ్డ ప్రణాలి ఆ లెక్కను వేళ్ళు మడిచి చెబుతుంటే నోట్లోని చాయ్ ముక్కులోకి వచ్చింది. బి.ఏ. మూడేళ్ళు, ఎం.ఏ. రెండేళ్ళు. ఆ పైన దేశమంతా రాసి గుప్పెడు మంది నెగ్గే ఒక ప్రవేశ పరీక్ష. నెగ్గితే ఆసుపత్రిలో రోగుల మధ్య రెండేళ్ళు క్లినికల్ సైకాలజీ శిక్షణ; పెద్దవాళ్ళు పక్కన నిలబడి తప్పులు పడుతుంటే ఆ రెండేళ్ళూ గడవాలి. అదయ్యాక ఢిల్లీలో ఒక పట్టికలో పేరెక్కాలి. అప్పుడు గాని మెదడు సంగతి ముట్టుకోవడానికి లేదు. దానికి ఇంకో నాలుగేళ్ళ డాక్టరేటు. ఇంతా చేసి ఈ న్యూరోసైకాలజిస్టులు కత్తి పట్టరు, సూది వేయరు, మందు రాయరు. మరేం చేస్తారమ్మా అంటే, ప్రశ్నలు అడుగుతారట. బొమ్మలు గీయిస్తారట. చెక్కముక్కలు పేర్పిస్తారట. శాంతి నగర్ మూల మీది చాయ్ బండి దగ్గర కూర్చునే ఏ ముసలాడైనా దారిన పోయేవాణ్ణి పట్టుకుని అంతకన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతాడు, ఒక్క ఏడాది కూడా చదవకుండా.

పిల్ల ఇప్పుడు ఆ ఆసుపత్రి రెండేళ్ళలో రెండో ఏట ఉంది. సెలవు దొరికిన రోజు ముంబై నుంచి పెద్ద సంచీ మోసుకుని భివండికి వస్తుంది. సంచీ నిండా పరీక్షలే. రోగుల మీద చేయి తిరగాలంటే ముందు ఏ రోగమూ లేనివాళ్ళ మీద చేసి చూడమని వాళ్ళ మేడం చెప్పిందట. ఇంట్లో ఏ పనీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను పట్టుకుంది.

"తాత, గడియారం గియ్యి. పదకొండు గంటల పది నిమిషాలైనట్టు ముల్లులు పెట్టు."

"టైము కావాల్నంటె నీ మొబైల్ల చూస్కోవే. పదకొండేండ్లు సదివేది దీనికా?"

"అరే తాత, ఐక్ నా, జర విను. నువ్వు ఎట్ల గీస్తవో చూడాలె నేను. టైము నాకెరుకనే."

గీశాను. నూరులోంచి ఏడేడు తీసుకుంటూ పొమ్మంటే మెరుపులా తీసుకుంటూ పోయాను. అరగంట కింద చెప్పిన ఐదు మాటలు మళ్ళీ చెప్పమంటే ఐదుకు ఐదూ అప్పజెప్పాను. ఆ పిల్ల నోరు తెరిచింది, ఇంత పదునైన తలకాయ మా ఆసుపత్రిలో డాక్టర్లకు కూడా లేదంది. ఇలా రాసుకుంటే బాగానే ఉంది గానీ, ఆ పిల్ల రాసిన కాగితం ఇంట్లోనే ఉంది, దొరికిపోతాను. డెబ్బై తొమ్మిది దగ్గర ఆగిపోయాను. మాటలు మూడే గుర్తొచ్చాయి. నాలుగోది ఆమె మొహం చూస్తూ తడిమి తడిమి పట్టాను. దాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

నా చదువు సంగతి కూడా చెబుతాను, పోల్చి చూసుకోండి. పవర్‌లూమును మేం సాంచె అంటాం. ఆ సాంచెను నేను ఇరవై రోజుల్లో నేర్చాను. నాగావ్ కార్ఖానాలో నలభై సాంచెలు ఒక్కసారి మోగుతుంటే, కళ్ళు మూసుకుని ఏ సాంచెకు పట్టా వదులైందో చెప్పేవాణ్ణి. నన్ను తీసుకుపోవడానికి సేట్లు ఇంటి ముందుకు రిక్షా పంపేవారు. సరే, ఇరవై రోజులు కాదు, ఎనిమిది నెలలు. రిక్షా వచ్చింది ఒక్కసారే. అది నేను తప్పుగా బిగించిన చక్రంలో వేలు నలిగిన మనిషిని దవాఖానాకు తీసుకుపోవడానికి వచ్చింది. అయినా ఎనిమిది నెలలే కదా! పదకొండేళ్ళు కాదు కదా! ఆ రోజు పిల్ల ముందు ఈ మాటే అని, ఆమె సంచీలోంచి జారిన ఒక జిరాక్సు కాగితాన్ని విసనకర్ర చేసుకున్నాను. అలా ఊపుకుంటూ దాని మీది బొమ్మ చూశాను. ఎవరో పువ్వు గీశారు. కుడి పక్క రేకులన్నీ ఉన్నాయి. ఎడమ పక్క ఒక్క రేకూ లేదు.

"వీనికి కాగితం తక్కువైందా ఏంది?"

"తక్కువ కాలె తాత. ఆయనకు ఎడమ పక్క లేదు."

"కన్ను పొయ్యిందా?"

"కన్ను మంచిగనే ఉన్నది. కుడి పక్క మెదడుకు దెబ్బ తాకితె ఒక్కోసారి గట్ల అయితది. ఎడమ పక్కన లోకం ఉన్నదన్న ఖబర్ మనిషికి అందది. అందుతలేదన్న సంగతి గూడ తెల్వది. పళ్ళెంల కుడి పక్కది తిని, మిగిలింది నాకు పెట్టలేదని ఇంట్లోల్లతోని కొట్లాడుతరు."

నేను విసరడం ఆపాను. "గట్లాంటోనికి పళ్ళెం తిప్పి పెడితె?"

"తింటడు," అంది పిల్ల. అని నా వైపు అదోలా చూసింది. "నీకెట్ల ఎరుక తాత?"

మా చిన్నాయిన రాజేశం, అంటే మా బాపుకు తమ్ముడు, నన్ను ఊరి నుంచి భివండికి తెచ్చిన మనిషి. అప్పుడు నాకు పంతొమ్మిదో ఇరవయ్యో. శాంతి నగర్‌లో ఒక్క ఖోలీలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఒక్క గది అది. నలుగురు పగటి పాళీకి పోతే నలుగురు పడుకునేవారు. చాపల వెచ్చదనం ఆరకముందే వాటి మీదికి ఇంకొకరు వచ్చేవారు. గోడ అవతలే సాంచెలు. ఇంట్లో వాసన అంటే మూడే: నూలుకు పట్టించే గంజి, సాంచె నూనె, చిన్నమ్మ స్టవ్ కిరసనాయిలు. అన్నంలో పత్తి పీచు పడేది. ఈ మధ్య మా వాళ్ళు కొందరు ఆ రోజుల్ని తలుచుకుని కళ్ళు ఒత్తుకుంటారు, ఎంత కలిసిమెలిసి ఉండేవాళ్ళమో అని. కలిసే ఉండేవాళ్ళం, కాళ్ళు చాపుకునే చోటు లేక. ఒకడి సబ్బు ఇంకొకడు వాడాడని పొద్దున్నే కొట్టుకునేవాళ్ళం. ఆ ఇరుకు మీద ప్రేమ కురిపించే వాళ్ళను తీసుకుపోయి అదే గదిలో ఒక్క వానాకాలం ఉంచాలి.

చిన్నాయిన మాత్రం ఆ ఇరుకులోనే ఒక పద్ధతి పెట్టుకుని బతికేవాడు. పాళీ మొదలయ్యే ముందు సాంచెకు చేయి తగిలించి కళ్ళకద్దుకునేవాడు. శుక్రవారం గల్లీలో మేకుకు అద్దం తగిలించి గడ్డం గీసుకునేవాడు, ఒక్క వెంట్రుక మిగలనిచ్చేవాడు కాదు. పెండ్లికి ముందే మార్కండేయ స్వామి ముందు ఒట్టు పెట్టుకుని కల్లు మానినవాడు. నాలుగు సాంచెలు నడిపేవాడు. చిన్నమ్మ లచ్చవ్వ ఆయనకు ఎప్పుడూ ఒకేలా వడ్డించేది: పళ్ళెంలో కుడి పక్క అన్నం, ఎడమ పక్క కూర. ఆమె ఆయనకు ఎడమ వైపు కూర్చునేది కాబట్టి కూర గిన్నె అటే ఉండేది. నేను బదిలీ మనిషిని. అంటే ఎవరైనా పనికి రాకపోతే ఆ రోజుకు వాళ్ళ సాంచెల మీద నిలబడేవాణ్ణి. ఎవరికైనా జ్వరం వస్తే నాకు పండగ.

ఒక మధ్యాహ్నం పక్క సాంచె నుంచి నాడె ఎగిరి వచ్చి చిన్నాయినకు కుడి చెవి పైన తగిలింది. సాంచెలో అటూ ఇటూ దూకుతూ పోగు మోసే చెక్క అది, కొసకు ఇనుము ఉంటుంది. రక్తం పెద్దగా రాలేదు. పసుపు, సున్నం పెట్టి కట్టు కట్టారు. రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు పనికి వచ్చాడు. తలకు తగిలిన దెబ్బకు అంతకు మించిన వైద్యం ఆ రోజుల్లో మా వాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాడు కూడా ఒక్కడూ లేడు.

ఆ తర్వాత ఆయన అంగీ కుడి చేయికే తొడుక్కుని బయటికి వచ్చేవాడు. శుక్రవారం గడ్డం సగం గీసుకుని అద్దం లోపల పెట్టేవాడు. అన్నం తిని, "కూరేదే? వట్టి బువ్వ తినమంటవా?" అని చిన్నమ్మ మీద అరిచేవాడు. "కండ్ల ముందటనే ఉన్నది గదయ్యా," అనేది ఆమె. "ఒళ్ళు బలిసింది వానికి," అనేవాడు నా వెనకే ఊరి నుంచి వచ్చి అదే ఖోలీలో ఉంటున్న మా బాపు. నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఒకరోజు ఊరికే, ఏమవుతుందో చూద్దామని, చిన్నమ్మ నీళ్ళకు పోయినప్పుడు ఆయన పళ్ళెం అటుది ఇటు తిప్పాను. "అగో, ఇప్పుడు పెట్టింది," అని కూర మొత్తం తిన్నాడు. ఇప్పుడు ఆయనకు ఎడమ పక్క మిగిలిన అన్నం కనబడలేదు.

ప్రణాలి పదకొండేళ్ళకు గాని ముట్టుకోని సంగతిని నేను ఒక్క పూటలో పట్టేశాను. ఏ పరీక్షా రాయకుండా, ఏ పట్టికలో పేరు లేకుండా. ఇంత తెలివి ఉన్నవాణ్ణి ఏం చేయాలి? ఏం చేశానో చెబుతాను. మర్నాడు కార్ఖానా దోస్తులు ఇద్దరిని అన్నం వేళకు పిలుచుకొచ్చి ఆ తమాషా చూపించాను. మేం గోడకు ఆనుకుని నవ్వాం. ఆయనా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా, పిల్లలు సంతోషంగా ఉన్నారని.

సాంచె మీద అది తమాషాగా ఉండలేదు. ఎడమ పక్కన పోగు తెగితే ఆయన అతికేవాడు కాదు, ఎందుకంటే తెగినట్టు చూసేవాడే కాదు. సేటు దగ్గర బట్ట పరిచి తనిఖీ చేసే మనిషి తానులన్నీ వేసి చూపించాడు: కుడి సగం అద్దంలా ఉంది, ఎడమ సగం నిండా పోగుల సందులు. "ఒక్క పక్కనే ఇన్ని తప్పులు ఎట్ల వస్తయి? కావాల్నని చేస్తుండు," అన్నాడు. కుల పంచాయతీ పెట్టారు. పెద్దమనుషులు అయిదుగురు చాప మీద కూర్చున్నారు. వాళ్ళ తెలివి గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. మీసం ఎంత పెద్దదైతే మాట అంత నిజం అనుకునే కాలం అది. ఇంట్లో ఉండేవాణ్ణి కాబట్టి నన్ను అడిగారు. "మీ చిన్నాయిన సంగతేందిరా మల్లేశం?"

"తాగుతుండు," అన్నాను.

పళ్ళెం సంగతి చెప్పలేదు. సగం గడ్డం సంగతి చెప్పలేదు. అడ్డంగా తల ఊపుతున్న చిన్నమ్మను చూడకుండా ఉండడానికి నా కాళ్ళ వైపు చూస్తూ చెప్పాను. ఆయనకు రోగమని తేలితే నయమయ్యేదాకా ఆ నాలుగు సాంచెలు ఆయన పేరునే ఉంచి బదిలీలతో నడిపిస్తారు. తాగుబోతని తేలితే తీసేస్తారు. నాలుగు రోజులకు ఆ సాంచెలు నాకు వచ్చాయి. ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఆ సాంచెలు నా పనితనం చూసి సేటు ఇచ్చాడనే చెప్పుకున్నాను. ఈ వ్యాసంలో కూడా అలాగే రాద్దామనుకున్నాను.

చిన్నాయిన ఊరికి పోయి రెండేళ్ళకు చనిపోయాడు. చిన్నమ్మ కొడుకును చంకనేసుకుని తిరిగి వచ్చి, నాగావ్‌లో కండెలు చుడుతూ వాణ్ణి పెంచింది. పెండ్లిళ్ళలో ఆమె ఏ పంక్తిలో కూర్చున్నా, ఎవరో ఒకరు కొత్తవాళ్ళకు చెప్పేవారు: "గామెనే, తాగుబోతు రాజేశం పెండ్లాం."

ఇదంతా నేను ప్రణాలికి చెప్పలేదు. నాడె, పళ్ళెం, గడ్డం, బట్ట వరకే చెప్పి, పంచాయతీ ఆయన్ను తాగుబోతని తేల్చిందని కథ ముగించాను. చెప్పి, పువ్వు బొమ్మ ఆమె ముందు పెట్టి, "ఇదే రోగం కదా?" అన్నాను. పిల్ల అవునంటే అయిపోయేది. అనలేదు. పెన్ను తీసింది. దెబ్బకు ముందు ఇవేవీ లేవా? ఎడమ వైపు నుంచి పిలిస్తే ఏ పక్కకు చూసేవాడు? తల తిప్పి వెతికేవాడా, అసలు వెతికేవాడే కాదా? వెతికితే కంటి సంగతి వేరేగా ఆలోచించాలట. ఎడమ చేయి బలహీనపడిందా? ఫిట్స్ వచ్చాయా? ఇన్ని అడిగి, చివరికి, "ఒక్కని మాట మీద చెప్పొద్దు తాత. ఆయన భార్య ఉన్నది కదా, ఆమెను గూడ అడగాలె," అంది. నాకు ఒళ్ళు మండింది. ఒక్క అవునుకు ఇంత చాకిరీ ఎందుకు? వీళ్ళ పదకొండేళ్ళలో పదేళ్ళు వెనకాడడమే నేర్పుతారనుకుంటాను.

నాగావ్‌కు ఇద్దరం పోయాం. చిన్నమ్మకు ఎనభై అయిదు దాటాయి. గడప పక్కన కూర్చుని ఇప్పటికీ ఎవరిదో చిక్కుపడిన నూలు విడదీస్తూ ఉంటుంది. నేను శుభవార్త తెచ్చిన దూతలా మొదలుపెట్టాను. "చిన్నమ్మా, చిన్నాయిన తాగలేదే. తలకాయల దెబ్బ. మా పిల్ల పట్టింది. దీనికి పెద్ద పేరున్నది."

"తాగలేదని నాకెరుక లేదార?" అంది ఆమె, నూలు మీది నుంచి కళ్ళెత్తకుండా. "నువ్విప్పుడు చెప్పాల్నా?"

ప్రణాలి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. "అవ్వా, ఆయన తినేటప్పుడు ఎట్లుండేనో జర చెప్పు. పళ్ళెం తిప్పితె తినేటోడని తాత చెప్పిండు. నువ్వు గూడ ఎప్పుడన్న తిప్పినవా?"

నూలు ఆగింది.

"పళ్ళెం తిప్పుడేంది?" అంది చిన్నమ్మ. పిల్లను కాదు, నన్ను. "నువ్వు తిప్పినవా? ఎప్పుడు?"

నేను గొంతు సవరించుకున్నాను. ఇలాంటప్పుడు నాకు ఎప్పుడూ ఏదో ఒక అబద్ధం దొరుకుతుంది. ఆ రోజు దొరకలేదు.

"పంచాయతికి ముందే, చిన్నమ్మా."

"నేను కొట్లాడిన ఆయన తోని," అంది ఆమె. "కూర వెట్టినంక వెట్టలేదంటడేందని రోజు కొట్లాడిన. ఒక రోజు కోపం వచ్చి పళ్ళెం గుంజుకున్న. తిప్పాల్నని నాకెవ్వలు చెప్పిండ్రు?" ప్రణాలి ఆమె చేయి పట్టుకుంది. ముసలామె ఆ చేయి విడిపించుకుని పిల్ల గడ్డం పట్టుకుంది. "బిడ్డా, నువ్వు పెద్ద సదువు సదువుతున్నవట. గా రోగం పేరు కాగితం మీద రాసి, నీ సంతకం వెట్టియ్యి. నా కొడుకు ఇంట్ల గోడకు కట్టుకుంటడు."

"అవ్వా, నేను రాయొద్దు. నా చదువు ఇంక కాలె. అయినంక గూడ, నేను చూడని మనిషికి ఇదే రోగమని సంతకం పెట్టొద్దు. గట్ల అయి ఉండొచ్చని చెప్పొచ్చు, గంతే."

"ఎంత కాలం వడ్తది సదువు?"

"ఇంక ఐదేండ్లు."

నేను పేలాను. ఐదేళ్ళు! ఆమె వయసేంటి, నీ రూల్సేంటి! ఆ కాగితం నేనే టైపు చేయిస్తా, డాక్టరు ముద్ర కూడా నేనే తెస్తా, భివండిలో దొరకని ముద్ర ఏముంది, నువ్వు గీత గీస్తే చాలు అన్నాను. పిల్ల లేచి నిలబడింది. పంచాయతీలో నేను ఏమన్నానో ఆమెకు అప్పటికి తెలియదు. అయినా, "తెల్వకుండ రాస్తె, ఆయన తాగిండని చెప్పినోనికి నాకు ఏం ఫరక్ తాత?" అంది.

"చెప్పినోడు వీడే బిడ్డా," అంది చిన్నమ్మ.

పిల్ల నా మొహం చూసింది. అంతకుముందు పరీక్ష పెట్టినప్పుడు కూడా అలా చూడలేదు. చిన్నమ్మ నూలు కండె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"మల్లిగా, గా పొద్దు పంచాయతిల నువ్వు చెప్పినప్పుడు, ఎన్నేండ్లు సదివినవని నిన్ను ఎవ్వలన్న అడిగిండ్రార? కాగితం అడిగిండ్రా?"

"లేదు."

"మరి దీనికెందుకు కాగితం? పిల్లను ఇడిసిపెట్టు, దాని సదువు అది సదువుకోని. నువ్వు చూసింది నువ్వు చెప్పు. శుక్రారం రా. సాంచెలు బందుంటయి, అందరికి వినవడ్తది."

పదకొండేళ్ళ చదువును నేను ఇప్పటికీ మెచ్చుకోను. మనిషి ఆయుష్షులో అది మరీ పెద్ద ముక్క. కానీ నా ఒక్క పూట చదువును తలుచుకుంటే ఉమ్మేయాలనిపిస్తుంది. ఈ మధ్య పిల్ల రాత్రీ పగలూ తన పుస్తకాలతో తిప్పలు పడుతుంటే వెక్కిరించడం తగ్గించాను. మానేశానని రాస్తే అది కూడా గొప్పే అవుతుంది.

శుక్రవారం పోయాను. జ్వరం వస్తుందేమోనని పొద్దుట్నుంచి చూశాను, రాలేదు. గల్లీలో చాపలు పరిచి ఉన్నాయి. చిన్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ నాటి అయిదుగురిలో బతికున్న ఒక్కాయనను మనవడు చేయి పట్టి తీసుకొచ్చాడు. మిగతా నలుగురి కొడుకులు వచ్చారు. ప్రణాలి గోడ పక్కన నిలబడింది. నేను దండం పెట్టి, మా చిన్నాయిన ఎంత గొప్ప మనిషో, నన్ను ఎంత ప్రేమగా సాకాడో, నేను ఆయన దగ్గర ఎంత పని నేర్చానో మొదలుపెట్టాను. బాగానే మాట్లాడుతున్నాననిపించింది.

"గవన్ని మాకెరుకనే," అంది చిన్నమ్మ. "ముచ్చట చెప్పు."

చెప్పాను. తాగలేదని చెప్పాను. తాగలేదని నాకు అప్పుడే తెలుసని చెప్పాను. ఎవరో వెనక నుంచి, "మరెందుకు గట్ల చెప్పినవే మల్లన్నా?" అన్నారు.

"నాలుగు సాంచెల కోసం," అన్నాను.

ముసలి పెద్దమనిషి చెవికి చేయి అడ్డం పెట్టుకుని, ఏమన్నాడని మనవణ్ణి అడిగాడు. మనవడు వంగి చెప్పబోయాడు.

"నువ్వు చెప్పకు," అంది చిన్నమ్మ వాడితో. నా వైపు చూసింది. "వాడే చెప్తడు. దగ్గరికి పొయ్యి చెప్పుర."

లేచి వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాను.